అర మాత్ర ఆలస్యం

బిట్రగుంటలో నా మొదటి డాన్సు క్లాసు
కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడ్డం.
లోపల రైల్వే ఇన్‌స్టిట్యూట్ చెక్కనేల,
శనివారం రాత్రి, కీ ఇస్తే పాడే పెట్టె,
ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లూ వాళ్ల ఆడవాళ్లూ.
నాన్న లోకోషెడ్డు ఫైర్‌మన్.
బొగ్గు చేతులతోనే నన్ను భుజానికెత్తుకుని
"మొహాలు కాదు మే, కాళ్లు చూడు" అన్నాడు.

చూశాను.
అవి నన్ను కోడంబాక్కం దాకా మోసుకెళ్లాయి.
పాతికమందిలో వెనక వరస, ఎడమ నించి నాలుగోదాన్ని.
చెమ్కీలు కుట్టిన గౌను చంకల్లో కోసుకుపోయేది.
"నాలుగో నంబరు లేటు! మళ్లీ లేటు!"
మాస్టరు అరిచిన ప్రతిసారీ
తాళం ముందు వెళ్లిపోయేది, నా అడుగు
దాని వెనకాల చెప్పులు వెతుక్కుంటూ వచ్చేది.
ఒక స్టేజి షోలో బూర వాయించే గోవా ముసలాయన మాత్రం
పెదాలు తుడుచుకుంటూ చెప్పాడు:
"లేటు కాదమ్మాయ్. దాన్ని జాజ్ అంటారు."

ఆ ఒక్క ముక్క పట్టుకుని కావలి వచ్చాను.
ట్రంకు రోడ్డులో ఎరువుల కొట్టు మీద మేడ,
వానొస్తే యూరియా కంపు.
బోర్డు రాసినోడు 'జాజు డాన్సు' అని రాస్తే
ఒకామె మెట్లెక్కొచ్చి
"పావుకిలో ఎంత, అరుగులకి అలకాల" అంది.
రొయ్యల కంపెనీలో తలలు తుంచే పిల్లలు,
ఆర్టీసీ మెకానిక్ కొడుకు సుధీరు,
ఇంటరు తప్పిన ఇద్దరు అక్కచెల్లెళ్లు.
నెత్తిన బిందె ఉందనుకోండి,
బిందె నిలబడాలి, నడుం నడవాలి.
తాళం పడనీండి. ఒక గుటక మింగండి.
ఇప్పుడు.
ఇరవై ఆరేళ్లు ఆ 'ఇప్పుడు' కోసమే గొంతు పోగొట్టుకున్నాను,
కుడి మోకాలు కూడా.

అరవై రెండో ఏట పరిశోధనకి చేరితే
గైడు కుర్రాడు మర్యాదగానే అడిగాడు:
"ఆధారాలుండాలి కదా మేడమ్?"
ఇన్‌స్టిట్యూట్ రిజిస్టర్లు చెదలు చదివేసింది.
చెక్కనేలని ఎవరో పొయ్యిలో పెట్టుకున్నారు.
దొరికిన పదకొండు ఫొటోల్లోనూ
అందరూ నడుం దాకానే ఉన్నారు.

అప్పుడు వెతికాను, వంటవాళ్లనీ ఆయాలనీ.
చాలామంది గోడల మీద పూలదండల వెనక దొరికారు.
బోగోలులో ఆదెమ్మ మాత్రం
గోనెపట్టా మీద నెత్తళ్లు ఎండేస్తా దొరికింది.
"డాన్సా? నేనా? అంట్లు తోమినదాన్ని బిడ్డా."
సెల్లులో పాత బాణీ ఒకటి పెట్టాను.
కాకిని అదిలించే చెయ్యి గాల్లోనే ఆగింది.
లేచింది. కుచ్చిళ్లు దోపుకుంది.
ఒక చెయ్యి గోడకి ఆనించి
మడమ బయటికి, వేళ్లు లోపలికి,
సబ్బునీళ్లలో జారుతూ పడకుండా ఉన్నట్టు.
ఎనభై ఏడేళ్ల కాళ్లు!
ప్రతి అడుగూ తాళం దాటాక,
అర మాత్ర తర్వాత, సరిగ్గా అక్కడే.

నా గొంతు పూడుకుపోయింది.
"అవ్వా, ఆ అడుగు ఎందుకు ఆలీసంగా పడతాది?"
పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.
"మా దొరసాని వేసినాక గదా
తలుపు సందులోంచి చూసి నేనేసేది."

గోవా ముసలాయనా,
నువ్వు చెప్పింది అబద్ధమని అనను.
కానీ కిటికీ చువ్వల తుప్పు
ఇవాళ నా అరచేతుల్లో మళ్లీ వాసనేసింది.

పాదసూచికలో ఏం రాయాలి?
ఊరు, తేదీ, పేరు రాశాను: గుండ్లపల్లి ఆదెమ్మ.
వృత్తి దగ్గర కలం ఆగింది.
అవతల మద్రాసు వైపు బండేదో ఆగకుండా పోయింది.
ఆదెమ్మ గోడ వదల్లేదు.
"ఇంకోసారి పెట్టు మే,
ఎడం కాలిది సరిగ్గా రాలా."
సెల్లులో చార్జింగు మూడు శాతం.
పెట్టాను.